మిషనుకు ఎడమ చెయ్యి ఏది?

తొమ్మిదో తరగతిలో జడత్వం పాఠం చెబుతుంటే మొయినాబాద్ వైపు నుంచి వచ్చే ఒక పిల్లాడు లేచాడు. "సార్, మా నాయిన బర్రెకు గడ్డి కోస్తే ఎడమ చేత్తో పిడికిట్ల పట్టుకుంటడు, కుడి చేత్తో కొడవలి గుంజుతడు. ఫామ్‌హౌస్‌ల కూసొని నడిపే మిషనుకు ఎడమ చెయ్యి ఏది?"

పుస్తకం మూసేశాను. గడ్డి కోసే యంత్రం కథంతా ఆ ఎడమ చెయ్యి వెతుకులాటే మరి.

మా చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలకు ఆ మిషను కొత్త కాదు. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు కళ్లెం వేసింది. దాంతో రోడ్డు పొడవునా ఫామ్‌హౌస్‌లు, పెళ్లిళ్లు చేసే లాన్లు, రిసార్టులు. ఎకరాల కొద్దీ పచ్చిక ఉన్నచోట కొడవలితో ఎంతసేపని కూర్చుంటారు?

ఆ ఎడమ చెయ్యిని మొదట పట్టుకున్నవాడు ఎడ్విన్ బడ్డింగ్. ఇంగ్లండ్‌లో స్ట్రౌడ్ దగ్గర ఉన్ని బట్టల మిల్లులున్న ప్రాంతంలో పనిచేసిన మెకానిక్. నేసిన ఉన్ని బట్ట మీద లేచే నూగును సమంగా కత్తిరించే యంత్రం అక్కడ ఉండేది. గడ్డి కూడా నేల మీద లేచిన నూగే కదా! ఆయన మిషనులో మెలితిరిగిన బ్లేడ్లున్న సిలిండర్ తిరుగుతూ, కింద కదలకుండా ఉన్న పలక బ్లేడు మీదికి గడ్డిని తెచ్చి కత్తెరలా కోస్తుంది. ఆ కదలని బ్లేడే ఎడమ చెయ్యి. 1830లో ఆ మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. మరతో సర్దుకునే పానా ఒకటి చేసిన పేరు కూడా ఆయనకే ఉంది. నట్టు విప్పే ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తాడు.

కోత నాణ్యతలో సిలిండర్‌ను కొట్టేది లేదు. గోల్ఫ్ మైదానాల్లో, క్రికెట్ పిచ్‌ల మీద నేటికీ అదే. అయితే చిన్న రాయి తగిలినా అంచు పోతుంది, గడ్డి ఎత్తు పెరిగితే కోయకుండా పడుకోబెట్టేస్తుంది. గులకరాళ్లు తేలే మన నేలల్లో నా ఓటు దాని పోటీదారుకే. తేలికపాటి పెట్రోలు ఇంజన్లు వచ్చాక, ఇరవయ్యో శతాబ్దం నడుమ, ఫ్యానులా అడ్డంగా తిరిగే బ్లేడు గెలిచింది. 1952లో సిడ్నీలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ చేసిన తొలి నమూనాకు పెట్రోలు ట్యాంకు ఒక పీచ్ పండ్ల డబ్బా! దాని మీద సీటు, స్టీరింగు రావడం ఆ తర్వాతి ముచ్చట.

ఇందులో కింద పట్టుకునే బ్లేడే లేదు. మరి గడ్డి ఎలా తెగుతుంది?

క్యారమ్ బోర్డు మీద బిళ్లలు దొంతిగా పేర్చి స్ట్రైకర్‌తో గట్టిగా కొడితే అడుగు బిళ్ల ఒక్కటే ఎగిరిపోతుంది. మెల్లగా తోస్తే దొంతి అంతా కదులుతుంది. ఇరవై అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 285 కిలోమీటర్లు దాటుతుంది. గడ్డిపరక తలవంచేలోపే తెగిపోతుంది. దాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి దాని జడత్వమే!

బ్లేడు వెనక అంచు రెక్కలా పైకి వంగి ఉండడం గమనించారా? తిరిగేటప్పుడు అది గాలిని పైకి లాగుతుంది, పడుకున్న గడ్డి లేచి నిలబడుతుంది. ఒకే ఇనుప పట్టీ కత్తీ, ఫ్యానూ కూడా. అందుకే వానాకాలంలో బ్లేడును కప్పే రేకు డోము లోపల తడిగడ్డి పేరుకుంటే గాలి ఆడక కోత చెడుతుంది.

ఆ ఆదివారం పిల్లాడి తండ్రి పనిచేసే చోటికి వెళ్లాను. ఆయన అక్కడ మాలీ. బ్లేడు తిప్పగానే సీటు వణికింది, స్టీరింగు పక్కన పెట్టుకున్న స్టీలు నీళ్ల సీసా గణగణ మోగింది. "బేరింగు పొయ్యిందేమో సార్" అన్నాడు. ఇంజను ఆపి, ప్లగ్ వైరు పీకి పక్కకు పెట్టాం. ఆ పని చేయకుండా కింద చెయ్యి పెట్టనే కూడదు. ముందు భాగం లేపి చెక్క దిమ్మలు పెట్టాం, కింద ఎండి అట్టకట్టిన గడ్డిని చెక్క పుల్లతో గీకేశాం. బ్లేడ్లు విప్పితే ఒకదాని రెండు కొసల్లో ఒక్కటే సానపట్టి ఉంది.

షెడ్డు గోడకున్న మేకుకు ఆ బ్లేడును నడిమి రంధ్రంతో తగిలించాం. త్రాసులా ఒక పక్క దిగిపోయింది. చేతిలో తూకం తెలియనంత తేడా. అయినా కొసన ఒక పది రూపాయల బిళ్లంత, అంటే 7.7 గ్రాముల తేడా ఉన్నా, ఆ వేగంలో అది దాదాపు ఇరవై కిలోల బరువులా ఇరుసును లాగుతుంది. అదీ సెకనుకు యాభై సార్లు దిక్కు తిరుగుతూ. బేరింగు పాపం ఏం చేస్తుంది?

పిల్లాడు ఆకురాయి అందుకున్నాడు. బరువున్న కొసను ఉన్న వాలు చెడకుండా పై వైపే రాచాడు, బ్లేడును మళ్లీ మళ్లీ మేకుకు తగిలించి చూసుకుంటూ. మొద్దు అంచు గడ్డిని కోయదు, పీకుతుంది. మర్నాటికి పరకల కొసలు తెల్లబడి లాన్ అంతా నెరిసినట్టు కనిపిస్తుంది. ఆరోసారికి బ్లేడు అడ్డంగా నిలిచింది. రెక్క పైకి ఉండేలా చూసి బిగించాం. తలకిందులుగా బిగిస్తే అంత సేపు రాచిన పదునూ వృథాయే.

తండ్రి సీటెక్కి బ్లేడు తిప్పాడు. పిల్లాడు మిషను వైపు చూడలేదు, నీళ్ల సీసా వైపే చూస్తున్నాడు. అది మోగలేదు.