వార్తల్లో పదం: మ్యాట్రిక్స్ హెడ్‌లైట్

ఎదురుగా వచ్చే బండి హైబీమ్ కళ్లలో కొడితే కొన్ని క్షణాలపాటు రోడ్డే కనిపించదు. ఆ క్షణాలే ప్రాణం మీదికి తెస్తాయి. లైటు డిమ్ చేసే ఓపిక ఎదుటివాళ్లందరికీ ఉండదు. ఆ పని కారే చేసుకునే ఏర్పాటు అడాప్టివ్ మ్యాట్రిక్స్ హెడ్‌లైట్.

ఇందులో విడివిడిగా వెలిగి ఆరే ఎల్‌ఈడీలు వరుసగా ఉంటాయి. ముందు అద్దం దగ్గరి కెమెరా ఎదుటి వాహనాన్ని పసిగట్టగానే, దాని మీద పడే వెలుగు మాత్రమే తగ్గుతుంది. రోడ్డు అంచు, అక్కడ నడిచే మనిషి, మలుపు అన్నీ హైబీమ్‌లోనే కనిపిస్తుంటాయి. 2013లో ఆడి కంపెనీ తన ఏ8 కారులో ఒక్కో హెడ్‌లైట్‌కు 25 ఎల్‌ఈడీలు పెట్టింది.

అమెరికాలో ఈ దీపాలకు పాత నిబంధన అడ్డొచ్చింది. దాన్ని మార్చమని టయోటా 2013లోనే అర్జీ పెట్టుకుంటే, అక్కడి రహదారి భద్రతా సంస్థ 2022 ఫిబ్రవరిలో గానీ ఒప్పుకోలేదు. ఇంత ఆలస్యం అన్యాయమే.

టెస్లా ఈ దీపాలను ముందే బిగించి కార్లు అమ్మింది. ఎదుటి బండిని తప్పించి వెలిగే తెలివి మాత్రం 2024లో యూరప్ యజమానులకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా అందింది. షెడ్డుకు వెళ్లే పని లేకుండా కారు మెరుగుపడటం నిజంగా గొప్ప సంగతి. అయితే రాబోయే అప్‌డేట్‌ను నమ్మి ఇవాళ డబ్బు కట్టకండి. ఈ సౌకర్యం ఇప్పుడే పనిచేస్తోందా అని షోరూంలో అడగండి, టెస్ట్ డ్రైవ్ రాత్రిపూట చేయండి.