పుస్తకాల జాబితాకి పాత ఉపాయం

ఇండియా వెళ్ళినప్పుడల్లా సూట్‌కేసుల్లో తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు ఇక్కడ కెనడాలో చాలా ఇళ్ళల్లో అలమరాలు నింపాయి. వాటి జాబితా ఏదో వెబ్‌సైట్‌లో పెడితే, అది మూతపడిన రోజున జాబితా కూడా పోతుంది. మామూలు టెక్స్ట్ ఫైలుకి ఆ భయం లేదు.

1970లలో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ తయారుచేసిన రిఫర్ పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. పర్సెంట్ ఏ తర్వాత రచయిత, పర్సెంట్ టీ తర్వాత పుస్తకం పేరు, పర్సెంట్ డీ తర్వాత సంవత్సరం, ఒక్కొక్కటీ ఒక్కో లైనులో. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఒక ఖాళీ లైను. అంతే!

గ్రెప్‌తో రచయిత పేరు వెతికితే ఆ ఒక్క లైనే వస్తుంది, పుస్తకం పేరు రాదు. ఆక్‌లో ఆర్‌ఎస్ వేరియబుల్‌ని ఖాళీ స్ట్రింగ్ చేస్తే ఖాళీ లైను వరకూ ఉన్నదంతా ఒకే రికార్డు. వివరాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. అన్నట్టు, ఆక్ పేరులోని 'కె' మన టొరాంటోలో పుట్టిన బ్రయన్ కెర్నిగన్‌ది.

జాబితా వేలల్లోకి పెరిగిందా? గ్రాఫ్‌తో పాటు వచ్చే ఇండ్‌క్స్‌బిబ్ ఇండెక్స్ తయారుచేస్తుంది, లుక్‌బిబ్ అందులో వెతికిపెడుతుంది. మనం మార్చకపోతే, ఇండెక్సులో ఇంగ్లీషు మాటకి మొదటి ఆరక్షరాలే ఉంటాయి. కాబట్టి ఆ మొదటి ఆరక్షరాలే ఇచ్చి అడిగితే 'కంప్యూటర్'తో పాటు 'కంప్యూటింగ్' కూడా దొరుకుతుంది.

చిక్కల్లా మన పేర్లతోనే. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. అందుకే పర్సెంట్ కే లైనులో ఆ స్పెల్లింగులన్నీ చేర్చండి. రేపు ఆ పుస్తకాలు మీ పిల్లల చేతికి వచ్చినప్పుడు, వాళ్ళకి తోచిన స్పెల్లింగుతోనే వెతుక్కుంటారు.