చెవికి పాట – కాలికి ఆట



ఇంట్లో పసిపిల్లలున్న తల్లులతోనూ, వాళ్ళని సాకే అమ్మమ్మలు, నానమ్మలతోనూ ఇవాళ నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది. విషయం కొత్తదేమీ కాదు. పిల్లలకు పాట పాడటం, వాళ్ళచేత చప్పట్లు కొట్టించడం, గంతులు వేయించడం. "ఇందులో చెప్పడానికేముందమ్మా? మా ఇంట్లో పొద్దస్తమానం పాటలు మోగుతూనే ఉంటాయి" అంటారేమో. సరిగ్గా అక్కడే ఉంది చిక్కంతా. మోగే పాట వేరు, మనం పాడే పాట వేరు. ఆ తేడా తెలియక నా బిడ్డ విషయంలో నేనొక పొరపాటు చేశాను. ముందు అది చెబుతాను.

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. మా రెండోవాడికి అప్పుడే రెండేళ్ళు నిండాయి. మరో ఏడాదికి బడిలో వేయాలి. బడిలో చేర్చుకునేముందు ఇంగ్లీషు రైములు అడుగుతారని ఎవరో అన్నారు. నాది పదో తరగతి చదువు, అదీ తెలుగు మీడియం. నా నోటి ఇంగ్లీషు వాడికి అంటుకుంటే ఎలాగని భయపడి, రైముల సీడీలు కొనితెచ్చి టీవీలో పెట్టేదాన్ని. వాడు కదలకుండా కూర్చుని చూసేవాడు. నా వంట నాకు సాగేది. "ఎంత బుద్ధిమంతుడో!" అని ఇరుగుపొరుగు దగ్గర మురిసిపోయేదాన్ని. పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. మాటలు కూడా నాలుగైదుకు మించి రాలేదు. మగపిల్లలకు మాటలు కాస్త ఆలస్యమేలే అనుకున్నాను. పిలిచినా తిరిగి చూడకపోతే మొండితనమనుకున్నాను. ఒకరోజు పొయ్యి దగ్గరికి పోతున్నాడని వెనకనుంచి కేకేశాను. ఆగలేదు. వీపు మీద ఒకటి వేశాను.

ఆ నెలలోనే మా అత్తగారు ఊరినుంచి వచ్చారు. ఆవిడకు టీవీ గోల గిట్టదు. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తారంగం ఆడించడం, చప్పట్లు కొట్టించడం, కాళ్ళు చాపించి కాళ్ళాగజ్జ ఆడించడం మొదలుపెట్టారు. ఈ పల్లెటూరి ఆటలతో వాడి రైములన్నీ పోతాయని నాకు లోలోపల చిరాకు. నాలుగోరోజున నన్ను వంటింట్లోంచి పిలిచి, "అమ్మాయ్, వీడు నా చేతులు చూసి ఆడుతున్నాడే గాని, పాట విని ఆడటం లేదు. ఇటు చూడు" అన్నారు. వాడి వెనక కూర్చుని పాట అందుకున్నారు. వాడు ఉలకలేదు, పలకలేదు. ముందుకు వచ్చి అదే పాట పాడారు. వెంటనే చప్పట్లు కొట్టాడు.

నా గుండె జారిపోయింది. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. తరచూ వచ్చిన జలుబులవల్ల కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. చిన్నపిల్లల్లో ఇది తరచుగా కనిపించేదేనట. చీము కారదు, చాలామందికి నొప్పీ ఉండదు కనుక ఇంట్లోవాళ్ళకు తెలియదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు మాటలన్నీ మందంగా వినిపిస్తాయి. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుందనీ, తగ్గకపోతే చిన్న ఆపరేషను ఉంటుందనీ చెప్పారు. "నడిచేటప్పుడు తూలుతుంటాడా?" అని కూడా అడిగారు. అవును, తూలేవాడు. పడినప్పుడల్లా వీడికి తొందరెక్కువ అనేవాళ్ళం.

వినడానికీ తూలడానికీ సంబంధమేమిటా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. తరవాత తెలుసుకున్నాను. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం శబ్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఆనుకునే వంపు తిరిగిన మూడు సన్నని గొట్టాలున్నాయి. మనం తల తిప్పినప్పుడల్లా వాటిలోని ద్రవం కదిలి, ఎటు తిరిగామో, ఎంత వేగంగా తిరిగామో మెదడుకు కబురందిస్తుంది. ఒళ్ళు తూలకుండా నిలదొక్కుకోవడానికి ఆ కబురు కావాలి. అంటే, పాటను వినే చోటూ, ఆటలో మనల్ని నిలబెట్టే చోటూ ఇరుగూ పొరుగూ అన్నమాట!

డాక్టరుగారు మందు చీటీతోపాటు ఇంకో మాట చెప్పారు. టీవీ కట్టేయమన్నారు. దగ్గర కూర్చుని, వాడి మొహంలోకి చూస్తూ మాట్లాడమన్నారు, పాడమన్నారు. మా అత్తగారు ఊరి ప్రయాణం మానుకున్నారు. వాణ్ణి గుండెకు ఆనించుకుని పాడుతూ వీపు మీద తాళం వేసేవారు. చెవికి అందనిది ఒంటికి అందేది. మూడు నెలలకు నీరు తగ్గింది. మాటలు ఒకటొకటిగా వచ్చాయి. వాడిప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నేను వేసిన ఆ దెబ్బ వాడికి గుర్తు లేదు. నాకుంది.

ఆ తరవాత రేడియో ప్రసంగాల పనిమీద నాలుగు పుస్తకాలు తిరగేస్తుంటే, మా అత్తగారు చేసినదాని వెనక ఎంత సంగతుందో అర్థమైంది.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు బరువు పెద్దవాళ్ళ మెదడులో ఇంచుమించు నాలుగోవంతు ఉంటుంది. రెండేళ్ళకల్లా అది నాలుగింట మూడు వంతులకు చేరుతుంది. అంత వేగంగా పెరిగే వయసులో మనం అందించేది చూపు, స్పర్శ, శబ్దం, కదలిక. పాటతో కూడిన ఆటలో ఈ నాలుగూ ఒకేసారి అందుతాయి.

తల్లి గొంతు బిడ్డకు కడుపులో ఉన్నప్పుడే పరిచయం. ఆరోనెల దాటేసరికి బిడ్డ చెవులు పనిచేయడం మొదలవుతుంది. పుట్టి మూడు రోజులు నిండని శిశువులు కూడా మరో స్త్రీ గొంతుకంటే తల్లి గొంతునే కోరుకుంటారని 1980లో అమెరికాలో డి కాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. కాబట్టి "నా గొంతు బాగుండదండీ" అని వెనకాడకండి. మీ బిడ్డకు మీకంటే మంచి గాయని లేదు.

తాళం పసివాళ్ళకు చెవితోనే కాదు, ఒంటితోనూ తెలుస్తుంది. 2005లో కెనడాలో ఏడు నెలల పిల్లలకు, ఎక్కడా ఊనిక లేని ఒకే చప్పుడు వినిపిస్తూ, కొందరిని ప్రతి రెండో దెబ్బకూ, కొందరిని ప్రతి మూడో దెబ్బకూ ఎగరవేసినట్టు ఆడించారు. తరవాత రెండు రకాల తాళాలూ వినిపిస్తే, ఎవరు ఏ లెక్కన ఆడారో ఆ తాళాన్నే ఎక్కువసేపు విన్నారు. వేరే మనిషి ఎగురుతుంటే ఊరికే చూసిన పిల్లలకు అది పట్టుబడలేదు. తన ఒళ్ళు కదిలితేనే తాళం తనదవుతుంది.

2003లో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం అమెరికాలో చేసిన పరిశోధన చదివినప్పుడు నా సీడీలు గుర్తొచ్చాయి. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల్లో కొందరితో చైనా భాష మాట్లాడే మనుషులు ఎదురుగా కూర్చుని 12 సార్లు, సుమారు 25 నిమిషాల చొప్పున ఆడుతూ మాట్లాడారు. మరికొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. ఇంకొందరికి శబ్దం మాత్రమే వినిపించారు. మనుషులతో గడిపిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. మిగతావాళ్ళకు అది రాలేదు. బిడ్డ మన కళ్ళలోకి చూస్తుంది, మనం ఆగితే తనూ ఆగుతుంది, తను నవ్వితే మనం మళ్ళీ పాడతాం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం పెట్టెకు చేతకాదు.

ఫలానా సంగీతం పెడితే పిల్లల తెలివి పెరుగుతుందన్న ప్రచారం మీరూ వినే ఉంటారు. 1993లో అమెరికాలో కొందరు కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ సంగీతం వినిపిస్తే, ఆకారాలను మనసులో ఊహించుకునే ఒక రకం ప్రశ్నల్లో కాసేపు కాస్త మెరుగ్గా చేశారు. పది పదిహేను నిమిషాలకు ఆ మెరుగు పోయింది. అందులో పసిపిల్లలే లేరు. ఆ ముక్క పట్టుకుని సీడీలు అమ్ముకున్నవాళ్ళు బాగుపడ్డారు!

ఇక మన ఆటల సంగతి చూద్దాం. నాలుగైదు నెలల బిడ్డకు నలుగు పెట్టేటప్పుడు చేతులూ కాళ్ళూ మెల్లగా ఆడిస్తూ పాడితే చాలు. కూర్చోవడం వచ్చాక తారంగం. మణికట్టు తిప్పడం అక్కడ అలవాటవుతుంది. తొమ్మిదో నెల అటూ ఇటూగా చప్పట్లు. రెండు చేతులూ మధ్యకు తెచ్చి ఒకేసారి కలపడం పసివాడికి చిన్న పనేం కాదు.

రెండేళ్ళు దాటాక కాళ్ళాగజ్జ. పిల్లలు వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క కాలు తాకుతూ పోతాం. చివరి మాట పడ్డ కాలు ముడుచుకోవాలి. ఒక మాటకు ఒక కాలు అన్న ఈ లెక్కే రేపు ఒక అంకెకు ఒక వస్తువు అని ఎంచడానికి పునాది. గుడుగుడుగుంచంలో పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం నేర్చుకుంటారు.

నాలుగైదేళ్ళకు చెమ్మచెక్క. ఎదుటిపిల్ల చేతికి తన చెయ్యి సరిగ్గా ఆ క్షణానికి అందాలి. తొందరపడినా, ఆలస్యమైనా ఆట చెడుతుంది. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరిగే తల్లుల చీరకుచ్చెళ్ళు పట్టుకుని, తప్పటడుగుల పిల్లలు కూడా చప్పట్లు కొట్టడం మీరు చూసే ఉంటారు. నలుగురితో కలిసి అడుగు వేయడం అలా అబ్బుతుంది. 2014లో కెనడాలోనే మరో పరిశోధన జరిగింది. పద్నాలుగు నెలల పిల్లల్ని, ఎదురుగా ఉన్న మనిషితో సమంగా పాటకు ఊగేలా ఆడించారు. తరవాత ఆ మనిషి చేతిలోంచి వస్తువు జారిపడితే, తాళం తప్పి ఊగిన పిల్లలకంటే వీళ్ళే ఎక్కువగా తీసి అందించారు. కలిసి ఊగినవాళ్ళకు సాయం చేయాలన్న బుద్ధి అంత చిన్నప్పుడే పుడుతుందన్నమాట.

మన తెలుగుకు ఇంకొక లాభం ఉంది. "పడు" అంటే ఒకటి, "పాడు" అంటే మరొకటి. "గడి" వేరు, "గడ్డి" వేరు. కాస్త సాగదీస్తే, కాస్త ఒత్తితే అర్థమే మారిపోతుంది. చప్పట్లు కొడుతూ పాడేటప్పుడు ఎక్కడ సాగాలో, ఎక్కడ ఆగాలో పిల్లల నోటికీ చేతికీ ఒకేసారి తెలుస్తుంది.

ఇంట్లో చేయడానికి సులువైన ఆట ఒకటి చెబుతాను. గిన్నె బోర్లించి గరిటెతో తాళం వేయండి. తాళం ఉన్నంతసేపూ పిల్లలు నడవాలి, ఆపగానే బొమ్మల్లా నిలబడాలి. మెల్లగా వేస్తే ఏనుగు నడక, త్వరగా వేస్తే కుందేలు గంతు. "అల్లరి ఆపు" అని వందసార్లు అరిచినా రాని అదుపు, ఈ ఆటలో నవ్వుతూ వస్తుంది. కింద వాటాలోవాళ్ళు ఏమైనా అంటారనుకుంటే చాప పరవండి, లేదా సాయంత్రం మేడమీదికి తీసుకెళ్ళండి. ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఏదో రకంగా కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ళు నిండేదాకా టీవీ, సెల్‌ఫోను తెరలు వద్దనీ, ఆ పైన నాలుగేళ్ళదాకా రోజుకు గంట మించరాదనీ కూడా చెప్పింది.

జాగ్రత్తలూ ఉన్నాయి సుమండీ. పసిబిడ్డను పైకి ఎగరెయ్యడం, గట్టిగా కుదపడం ఎన్నడూ చేయకండి. మెడ నిలవని బిడ్డకు తల కింద చెయ్యి ఉండాలి. ఒప్పులకుప్ప ఈడు పిల్లలు ఒకరితో ఒకరు ఆడుకోవలసిన ఆట. పెద్దవాళ్ళం రెండు మూడేళ్ళవాళ్ళను చేతులు పట్టుకుని గిరగిరా తిప్పితే మోచేతి ఎముక పట్టు తప్పుతుంది. పెళ్ళిళ్ళలో మైకుల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకండి. పప్పుగింజలు పోసిన డబ్బా గిలక్కాయగా ఇస్తే మూత ఊడకుండా చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆడిస్తూ బిడ్డను గమనించండి. ఆరునెలలు దాటినా చప్పుడు వైపు తల తిప్పకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోతే, వచ్చిన మాటలు పోతే, ఎవరేం చెప్పినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. అప్పుడప్పుడు వెనకనుంచి కూడా పాడి చూడండి. పలకని బిడ్డను మొండివాడనే ముందు, వాడికి వినబడిందో లేదో కనుక్కోండి.

ఇంతకీ రేడియోలో మాట్లాడుతూ పెట్టె కట్టేయమంటోందేమిటీవిడ అని నవ్వుకుంటున్నారా? నా మాట అయిపోయింది. ఇక కట్టేసి, పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకోండి.