ఒక్క రాత్రి గాలి, రెండేళ్ల సంపాదన

2017 సెప్టెంబరు 18 రాత్రి డొమినికా ప్రధానమంత్రి రూజ్‌వెల్ట్ స్కెరిట్ ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టారు. ఇంటి కప్పు లేచిపోయింది, ఇల్లు నీళ్లతో నిండుతోంది, ఇక అంతా హరికేన్ దయ అని దాని సారాంశం. కాసేపటికి తనను కాపాడారని ఇంకో ముక్క రాశారు. ఆ తర్వాత ఆ ద్వీపం నుంచి బయటికి ఫోన్లు లేవు, కబురు లేదు. మన బంగాళాఖాతంలో తుఫాను అనేదాన్నే అట్లాంటిక్‌లో హరికేన్ అంటారు. ఆ రాత్రి వచ్చినదాని పేరు మరియా. అయిదో కేటగిరీ, అంతకు మించి కేటగిరీ లేదు.

ప్రధానికే కప్పు మిగలని చోట జనం సంగతి చెప్పేదేముంది? పదిళ్లలో తొమ్మిదింటికి కప్పులు దెబ్బతిన్నాయి. నష్టం సుమారు 130 కోట్ల డాలర్లు. అమెరికా లెక్కల్లో ఇది చిల్లర. కానీ డెబ్బై రెండు వేల మంది ఉన్న డొమినికాకు అది ఏడాది జీడీపీలో 226 శాతం. అంటే ఆ దేశంలో పిల్లాజెల్లా అందరూ రెండేళ్లకు పైగా తినకుండా, తాగకుండా సంపాదించినదంతా పక్కన పెడితే గానీ పోయింది పూడదు. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, ఎరికా అనే తుఫాను వచ్చింది. అది హరికేన్ స్థాయికి కూడా చేరలేదు, వట్టి వానే. దాని నష్టం కూడా జీడీపీలో 90 శాతం!

గాలి వేగాల రికార్డులు టీవీవాళ్లు ఎలాగూ చెబుతారు. నాకు మాత్రం గాలి వెళ్లిపోయాక మొదలయ్యే రికార్డులే వింతగా తోస్తాయి. బడికి కప్పు ఎవరు వేయించాలి? నర్సు జీతం ఎక్కణ్నుంచి రావాలి? పన్ను కట్టాల్సినవాడి కొట్టే ఎగిరిపోతే పన్ను ఎవరు కడతారు? పోనీ నోట్లు ముద్రించుకుందామా అంటే ఆ వీలూ లేదు. డొమినికా, గ్రెనడా, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్ వంటి ఎనిమిది చోట్ల చెల్లేది ఉమ్మడి కరెన్సీ, తూర్పు కరీబియన్ డాలరు. ఒక అమెరికన్ డాలరుకు 2.70 చొప్పున 1976 నుంచి దాని రేటు కదల్లేదు. అందుకని ఆ ఖజానాలు తొక్కిన దారులు ఒక్కొక్కటీ ఒక విశేషం.

పాస్‌పోర్టు మీద తుఫాను తగ్గింపు

డబ్బు కట్టినవాడికి పౌరసత్వం ఇచ్చే పథకాన్ని ప్రపంచంలో మొదట పెట్టింది సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, 1984లో. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్నును 1980లోనే తీసేశారు. 2017లో ఇర్మా హరికేన్ వెళ్లగానే ఆ దేశం ‘హరికేన్ సహాయ నిధి’ పేరుతో, రెండున్నర లక్షల డాలర్లు ఉన్న ధరను ఆర్నెల్లపాటు లక్షన్నరకు దించింది. ఇర్మా దెబ్బ ఆంటిగ్వా దేశంలోని బార్బుడా దీవితో పోలిస్తే సెయింట్ కిట్స్ మీద తక్కువే పడింది. చుట్టుపక్కల దేశాలకు ఒళ్లు మండదా మరి? చివరికి ఆంటిగ్వా కూడా తన రేటును సగానికి కోసి లక్ష చేసింది. పీఎన్‌బీ కేసు నిందితుడు మెహుల్ చోక్సీ ఆంటిగ్వా పౌరుడైందీ 2017 చివర్లోనే. 2021లో ఆయన పట్టుబడ్డది డొమినికాలో. ఇంతకీ డొమినికాలో మరియా తర్వాత లేచిన వందలాది ప్రభుత్వ ఇళ్లకు సొమ్ము చాలావరకు ఇలా పాస్‌పోర్టులు అమ్మగా వచ్చిందే. ఈ పోటీకి 2024లో పగ్గం పడింది: రెండు లక్షల డాలర్లకు తక్కువ అమ్మరాదని ఈ దేశాలు ఒప్పందం రాసుకున్నాయి.

డొమినికాకు ఇంకో నష్టం ఆ 226 శాతంలో సరిగ్గా కనిపించదు. 1978 నుంచి అక్కడ రాస్ యూనివర్సిటీ అనే అమెరికన్ వైద్య కళాశాల ఉండేది. ఊళ్లో అద్దె ఇళ్లు, ట్యాక్సీలు, మెస్‌లు అన్నీ దాని విద్యార్థుల మీద బతికేవి. మరియా తర్వాత ఆ విద్యార్థులకు సెయింట్ కిట్స్ దగ్గర లంగరేసిన ఓడలో పాఠాలు చెప్పారు. 2019లో కాలేజీ ఏకంగా బార్బడోస్‌కు మారిపోయింది, మళ్లీ వెనక్కి రాలేదు.

జాజికాయ దేశం

ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ ఇష్టమైనది గ్రెనడా. 344 చదరపు కిలోమీటర్లు, లక్షమంది చిల్లర. జాతీయ జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది. ఒకప్పుడు ఇండోనేషియా తర్వాత ప్రపంచంలో జాజికాయ, జాపత్రి ఎక్కువ పండించింది వీళ్లే. 1955లో జానెట్ హరికేన్ వచ్చి వెళ్లాక దాదాపు యాభై ఏళ్లు పెద్ద గాలి ఏదీ అటు తిరగలేదు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చింది. 39 మంది పోయారు, పదిళ్లలో తొమ్మిది దెబ్బతిన్నాయి, నష్టం జీడీపీకి రెండింతలు. ప్రధాని కీత్ మిచెల్ ఇల్లు కూలిపోతే ఆయన బ్రిటిష్ యుద్ధనౌక రిచ్‌మండ్ మీద నుంచి ప్రపంచంతో మాట్లాడాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే, గోడలు పగిలి ఖైదీలు పారిపోయిన జైలు పేరు కూడా రిచ్‌మండ్ హిల్లే.

ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. జాజికాయ చెట్టు అలా కాదు. విత్తనం నాటాక అయిదారేళ్లు, ఒక్కోసారి ఎనిమిదేళ్లు ఆగితే గానీ పూత రాదు. పూత వచ్చేదాకా అది మగ చెట్టో ఆడ చెట్టో రైతుకు తెలియదు. మగదైతే కాయదు, అన్నేళ్ల చాకిరీ వృథా. నిండు కాపుకు ఇరవై ఏళ్లు పడుతుంది. ఐవాన్ ఒక్క పూటలో పది చెట్లలో తొమ్మిదింటిని దెబ్బతీసింది. అరవై దాటిన రైతు ఇరవై ఏళ్ల చెట్టు ఎందుకు నాటతాడు? చాలామంది మూడు నాలుగేళ్లలో కాపుకొచ్చే కోకో వైపు మళ్లారు. ఇవాళ గ్రెనడా చాక్లెట్‌కు పేరొచ్చిందంటే అందులో ఈ గాలికీ కొంత వాటా ఉంది.

ఇక పన్ను. అప్పట్లో గ్రెనడాలో ఏడాదికి 60 వేల తూర్పు కరీబియన్ డాలర్ల దాకా ఆదాయపు పన్నే ఉండేది కాదు, కాబట్టి ఉద్యోగుల్లో ఎక్కువమందికి ఆ ఫారం మొహమే తెలిసేది కాదు. 2006లో ప్రభుత్వం ‘జాతీయ పునర్నిర్మాణ లెవీ’ అని పెట్టింది. నెలకు వెయ్యి దాటి సంపాదించే ప్రతివాడి జీతంలోనూ రెండు మూడు శాతం కోత, అయిదేళ్లపాటు. కప్పు లేని ఇంట్లో ఉంటూ దేశానికి కప్పు వేయించడానికి చందా కట్టడమన్నమాట. న్యాయమా అంటే న్యాయమే, ఖజానాకు వేరే దిక్కు లేదు. ఓటరు మాత్రం అంత దూరం ఆలోచించలేదు. 2008 ఎన్నికల్లో కీత్ మిచెల్ ఓడిపోయారు. కొత్త ప్రభుత్వం గడువు తీరకముందే లెవీని ఎత్తేసింది. ఎత్తేసిన చేతులే 2010 ఫిబ్రవరిలో 15 శాతం వ్యాట్ పెట్టాయి, అది వేరే సంగతి.

ఐవాన్ అక్కడి క్రికెట్ స్టేడియాన్ని కూడా నేలమట్టం చేసింది. 2007 ప్రపంచ కప్ దగ్గర పడుతోంది. గ్రెనడా 2005 జనవరిలో తైవాన్‌తో దౌత్య సంబంధం తెంచుకుని చైనా వైపు తిరిగింది, చైనా నాలుగు కోట్ల డాలర్లు పోసి స్టేడియం కట్టించి ఇచ్చింది. 2007 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం. చైనా రాయబారి, కట్టిన కార్మికులు, ప్రధాని అంతా కొలువుతీరారు. పోలీసు బ్యాండు చైనా జాతీయగీతం ఎత్తుకోవాలి. ఎత్తుకుంది కూడా, కాకపోతే తైవాన్‌ది! రాయబారి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ప్రభుత్వం క్షమాపణ చెప్పి విచారణ వేసింది. ఆ స్టేడియంలో సూపర్ ఎయిట్ మ్యాచ్‌లు జరిగాయి. ట్రినిడాడ్‌లోనే బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి మనవాళ్లు ఇంటిముఖం పట్టారు గనక ఆ వైభోగం చూసే భాగ్యం మనకు దక్కలేదు.

అప్పు పత్రంలో హరికేన్ షరతు

అప్పులు తీర్చలేక 2015లో రుణదాతలతో తిరగరాసుకున్న పత్రాల్లో గ్రెనడా ఒక షరతు పెట్టించింది: పెద్ద హరికేన్ వస్తే వాయిదాలు కొన్నాళ్లు ఆపుకుంటాం. మాఫీ కాదు, వాయిదా మాత్రమే, కట్టనిది అసలులో కలుస్తుంది. 2024 జులై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాలోనే ఉన్న కారియకూ అనే చిన్న దీవిని తాకింది. అక్కడ కట్టడాల్లో నూటికి 98 దెబ్బతిన్నాయి. అప్పటికి ప్రధాని డికన్ మిచెల్. పాత ప్రధానితో ఇంటిపేరు ఒకటే, పార్టీ వేరు. ఆయన ప్రభుత్వం ఆ షరతు బయటికి తీసి నవంబరు, మే వాయిదాలు ఆపుకుంది. ప్రపంచంలో ఇలాంటి షరతును నిజంగా వాడుకున్న తొలి దేశం గ్రెనడాయే. బెరిల్‌కు ఇంకో రికార్డు ఉంది. అట్లాంటిక్ చరిత్రలో అంత తొందరగా, జులై 2కే, అయిదో కేటగిరీకి చేరిన హరికేన్ మరొకటి లేదు. అది బద్దలుకొట్టింది 2005 నాటి ఎమిలీ రికార్డును. ఐవాన్ గాయం మానకముందే, పది నెలలకు, గ్రెనడాను రెండోసారి కొట్టింది ఆ ఎమిలీయే.

బీమా కథ కూడా ఐవాన్‌తోనే మొదలు. ఆ దెబ్బ చూశాక కరీబియన్ దేశాలు 2007లో ఉమ్మడిగా విపత్తు బీమా నిధి, సీసీఆర్‌ఐఎఫ్, పెట్టుకున్నాయి. పలు దేశాలు కలిసి పెట్టుకున్న ఇలాంటి నిధి ప్రపంచంలో అదే మొదటిది. మన వేరుశనగ రైతుకు తెలిసిన వాతావరణ బీమా లాంటిదే ఇది. ఎంత పోయిందని ఎవరూ వచ్చి చూడరు, యంత్రం చూపిన అంకెను బట్టి డబ్బు. అందుకే 14 రోజుల్లో చేతికొస్తుంది. బెరిల్‌కు గ్రెనడాకు 4.4 కోట్ల డాలర్లు వచ్చాయి, అప్పటికి ఆ నిధి ఒక దేశానికి ఇచ్చిన అతి పెద్ద మొత్తం. ఆ అంకెల పద్ధతి ఎదురు తిరిగిన వైనం జమైకాది. అది 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు తీసుకుంది. అదే బెరిల్ 2024 జులై 3న దాని దక్షిణ తీరాన్ని గీసుకుంటూ పోయింది. ఇళ్లు పోయాయి, అరటి తోటలు పోయాయి. కానీ గాలి పీడనం బాండులో రాసుకున్న అంకె దాకా పడలేదు. ఒక్క డాలరు రాలేదు! 2025 అక్టోబరు 28న జమైకా చరిత్రలోనే అతి బలమైన హరికేన్ మెలిసా వచ్చాక 15 కోట్లూ పూర్తిగా వచ్చాయి.

మనిషి లేని దీవి, ఆదాయపు పన్ను లేని దీవి

ఇర్మా గంటకు 285 కిలోమీటర్ల వేగాన్ని 37 గంటలు నిలబెట్టుకుంది. ప్రపంచంలో ఏ తుఫానూ అంతసేపు అలా వీయలేదు. 2017 సెప్టెంబరు 6న దాని కన్ను బార్బుడా మీదుగా పోయింది. వెనకాలే జోసే అనే ఇంకో హరికేన్ వస్తోందని దాదాపు పదహారు పదిహేడు వందల జనాన్ని మొత్తం పడవల్లో, విమానాల్లో ఆంటిగ్వాకు చేర్చారు. సుమారు మూడొందల ఏళ్లలో మొదటిసారి ఆ దీవిలో మనిషన్నవాడు లేడు. మేకలు, గాడిదలు, కుక్కలు మిగిలాయి. బార్బుడాలో భూమి ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. 1834లో బానిసత్వం పోయినప్పటి నుంచి నడుస్తున్న ఆచారం, 2007లో చట్టమైంది. జనం గుడారాల్లో ఉండగానే ప్రభుత్వం ఆ చట్టాన్ని మార్చింది. ఒక్క డాలరుకు పట్టా ఇస్తాం, పట్టా ఉంటే బ్యాంకు అప్పిస్తుంది, ఇల్లు కట్టుకోవచ్చు అంది. ఎప్పటి నుంచో మాదైనదాన్ని మాకే డాలరుకు అమ్మడమేమిటని బార్బుడావాసులు అడిగారు. నాకైతే జవాబు దొరకని ప్రశ్న.

బహామాస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. ధనికుల స్వర్గమని పేరు. ఖజానా బండి లాగేది కస్టమ్స్ సుంకం, 2015లో మొదలైన వ్యాట్. 2019 సెప్టెంబరు 1న డోరియన్ అబాకో దీవుల్ని కొట్టి, గ్రాండ్ బహామా మీద ఒక రోజుకు పైగా దాదాపు కదలకుండా కూర్చుంది. నష్టం 340 కోట్ల డాలర్లు. అబాకోలో మడ్, పిజన్ పీస్ అనే బస్తీల్లో హైతీ వలస కూలీలు ఉండేవారు, ఆ బస్తీలు నామరూపాల్లేకుండా పోయాయి. దెబ్బతిన్న దీవులకు సుంకం, వ్యాట్ మినహాయించారు. తర్వాత 2022లో దేశమంతటా వ్యాట్‌ను 12 నుంచి 10కి తగ్గించారు. తగ్గించారంటే సంతోషించేలోపు, అంతకుముందు పన్ను లేని బియ్యం, పిండి వంటి నిత్యావసరాల మీదా ఆ పది పడింది. సముద్రపు ఒడ్డున మేడ ఉన్నవాడి ఆదాయం మీద ఇప్పటికీ పన్ను సున్నా.

చివరిది దేశం కాదు, బ్రిటిష్ ఏలుబడిలోని దీవి, కానీ వదలబుద్ధి కాలేదు. ఆంగ్విల్లాలో పదహారు వేల మంది లోపే. ఇర్మా వాళ్లనూ నేలకు కొట్టింది. వెబ్‌సైట్ల చివర దేశానికో రెండక్షరాల గుర్తు ఉంటుంది కదా, 1990ల్లో ఆంగ్విల్లా వాటాకు వచ్చింది ‘ఏఐ’. పాతికేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. కృత్రిమ మేధ హోరు మొదలయ్యేసరికి హైదరాబాద్ స్టార్టప్‌ల నుంచి సిలికాన్ వ్యాలీ దాకా అందరికీ ఆ రెండక్షరాలే కావాల్సి వచ్చాయి. అప్పట్లో ఒక పేరుకు రేటు రెండేళ్లకు 140 డాలర్లు ఉండేది. 2023లో దీని మీద దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, ప్రభుత్వ రాబడిలో అయిదో వంతు. ఆ సొమ్ముతో నివాస గృహాల మీద ఆస్తిపన్ను తీసేశారు, డెబ్బై దాటినవాళ్లకు వైద్యం ఉచితం చేశారు, ఒక బడి పూర్తి చేయడానికి డబ్బు కేటాయించారు. హరికేన్ వస్తే ఆ రాబడి కూడా మునిగిపోకుండా, పేర్ల రిజిస్ట్రీ నడిపే పనిని ఒక అమెరికన్ కంపెనీకి అప్పగించి సర్వర్లను దీవి దాటించేశారు.