గ్రాండ్ కాన్యన్... దిగడం తేలికే, ఎక్కడమే కష్టం!

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని లాస్‌వేగాస్ తీసుకెళ్తే, పనిలోపనిగా గ్రాండ్ కాన్యన్ కూడా చూపించేద్దామనుకుంటారు చాలామంది. మంచిదే. కానీ టికెట్లు కొనేముందు ఒక్క సంగతి చూసుకోండి. అద్దాల 'స్కైవాక్' ఉండేది వెస్ట్ రిమ్‌లో. అది హువాలపాయ్ తెగవారి భూమి, నేషనల్ పార్కు కాదు. పార్కు చూడాలంటే సౌత్ రిమ్‌కి వెళ్లాలి. వేగాస్ నుంచి కారులో దాదాపు నాలుగున్నర గంటలు. ఒక్కరోజులో వెళ్లి రావడం పెద్దవాళ్లకి శిక్షే. ఓ రాత్రి బస పెట్టుకోండి. గదులు నెలల ముందే బుక్ చేసుకోవాలి సుమా!

కొలరాడో నది తొలిచిన ఈ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. అంచు దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి వేసవిలోనూ పొద్దున్నే చల్లగా ఉంటుంది. అదే మోసం చేస్తుంది. కింద నది దగ్గర 40 డిగ్రీలు దాటిపోతుంది. తిరుమల మెట్ల దారిలో ముందు ఎక్కుతాం, తర్వాత దిగుతాం. ఇక్కడ అంతా తలకిందులు. ఓపికున్నప్పుడు దిగుతాం, అయిపోయాక ఎక్కాలి! దిగిన టైముకి రెట్టింపు పడుతుందనుకోండి. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలో నడవొద్దనీ, నది దాకా వెళ్లి అదేరోజు తిరిగి రావాలనుకోవద్దనీ పార్కువాళ్లు హెచ్చరిస్తారు. వయసులో ఉన్నవాళ్లకీ ఇదే మాట.

మరి మోకాళ్ల నొప్పులున్న అమ్మ సంగతి? అంచు వెంబడి సాగే రిమ్ ట్రెయిల్ చాలావరకు చదునే. ఉచిత బస్సులూ తిరుగుతాయి. లోయలోకి అడుగు పెట్టకుండానే మాథర్ పాయింట్‌లో సూర్యోదయం కళ్లారా చూడొచ్చు.