అనుక్రమణికలు నిరుపయోగము లగుట - హేతువిచారము

గ్రంథమునందుఁ గావలసిన విషయమును వెదకుటకు రెండు త్రోవలు గలవు. మొదటి పుటనుండి తుదిపుటదాఁక చదువుట యొకటి. అకారాది సూచికఁ జూచి యా పుటనే తెఱచుట రెండవది. నేఁడు గ్రంథాలయములును, విపణులును దమ లెక్కల నుంచుకొను డేటాబేసులయందును ఈ రెండే త్రోవలు. అందలి సూచికను ఇండెక్సనియు, ప్రశ్నను క్వెరీయనియు వ్యవహరింతురు. సాఫ్ట్‌వేరును క్రొత్త వెర్షనునకు మార్చిన మఱునాఁడు, నిన్నటిదాఁక నిమేషమాత్రమున వచ్చిన సమాధానమునకు నిమిషములు పట్టుటయు, ఇండెక్సు చెక్కుచెదరక యున్నను యంత్రము దానిని ముట్టకుండుటయుఁ బెక్కుచోట్లఁ గానవచ్చును. ఇట్లేల యగునో విచారింతము.

దుగ్గిరాల పసుపునకుఁ బేరొందిన విపణి గదా. అట్టి యార్డొకదానియందు ఏండ్లకొలఁది వచ్చిన సరకుల పట్టికలోఁ బదిలక్షల పద్దులున్నవని యూహింతము. ఒక రైతు తన పేరు చెప్పి తూఁకమును ధరయు నడిగెను. అతని పద్దులు పదియే. అచ్చట ఇండెక్సే శరణ్యము. కాని 'పసుపు' అని సరకు పేరుతో నడిగినచో, పద్దులన్నియు నించుమించుగాఁ బసుపువే గావున, ఇండెక్సునకును పట్టికకును మాటిమాటికిఁ దిరుగుటకంటె పట్టిక నంతయు వరుసగాఁ జదువుటయే లాఘవము. కాఁబట్టి ఇండెక్సును విడుచుట యెల్లప్పుడును దోషము గాదు. ఈ తారతమ్యమును నిర్ణయించు భాగమునకు ప్లానరని పేరు.

ప్లానరు ప్రతిపర్యాయమును పట్టికను జూచి నిర్ణయింపదు; చూచినచోఁ బని యచ్చటనే ముగియును గదా. ముందుగాఁ గూర్చియుంచిన గణాంకములే దానికిఁ బ్రమాణము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసును పీజీ అప్‌గ్రేడ్ అను సాధనముతో మార్చునపుడు పట్టికలును ఇండెక్సులును యథాతథముగా వచ్చెడివి. గణాంకములు మాత్రము వెనుకనే నిలిచిపోయెడివి. 2025 సెప్టెంబరున వెలువడిన 18వ వెర్షనునకు మాఱునపుడు వానిలోఁ బెక్కులు వెంట వచ్చుచున్నవి. గణాంకము లేనిచో ప్లానరు ఒక నిలువువరుసలో భిన్నమైన విలువలు 200 అని యెంచును. రైతుల పేర్లు లక్షయుండఁగా 200 అనుకొన్నచో, పది పద్దులకు బదులు అయిదువేలు వచ్చునని భ్రమపడును. ఆ పద్దులను చెల్లింపుల పట్టికతోఁ గూర్చునపుడు, పదిమాఱులు ఇండెక్సును దాఁకి యూరకుండుటకు మాఱుగా నా రెండవ పట్టికను మొదలంటఁ జదువఁబూనును. ప్రమాణము లేని తర్కమున కిది సహజమైన గతి. ఎనలైజ్ అను ఆజ్ఞ నొసఁగి గణాంకములను మరలఁ గూర్చినఁ జాలును.

రెండవ హేతువు మన శాస్త్రమునకు దగ్గఱిది. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షను, క్రొత్త పట్టికలకు యూటీఎఫ్-8 యొక్క నాలుగు బైట్ల రూపమును సహజసంకేతముగా నంగీకరించినది. పాత పట్టికలు మూఁడుబైట్ల రూపముననే యుండవచ్చును. తెలుఁగక్షర మేదైనను రెంటను మూఁడు బైట్లే. కంటికి భేదమే లేదు. అయినను యంత్రమునకు సంజ్ఞాభేదమే ప్రధానము. పాత క్రొత్త పట్టికలను బేర్లనుబట్టి జతపఱుచునపుడు పాతదానిలోని ప్రతి పేరును క్రొత్త సంకేతమునకు మార్చి పోల్చును. ఇండెక్సు మార్పునకు ముందటి రూపముననున్నది గావున దాని కక్కఱకు రాదు. ప్రాతిపదికములు గల నిఘంటువునందు విభక్త్యంతమును వెదకినట్లగును. రెండు పట్టికలకును ఏకసంకేత మేర్పఱుపక యెన్ని క్రొత్త ఇండెక్సులు చేర్చినను ఫలము లేదు.

మూఁడవది వీనికంటె ఘోరము. అచ్చట ఆలస్యము గాదు, అసత్యమే పుట్టును. వర్ణక్రమ మెల్లరకు నొక్కటియే యని భ్రమింతుము. బడిలో ళ, క్ష, ఱ లను హకారము తరువాత వల్లించితిమి. యూనికోడునందు ఱకారము రేఫ వెంటనే, ళకారము లకారము వెంటనే యున్నవి. ఒక క్రమమునఁ గూర్చిన నిఘంటువును వేఱొక క్రమ మెఱిఁగినవాఁడు తెఱచినచో, ఉన్న పదమును లేదనును. 2018 ఆగస్టున వెలువడిన జీలిబ్‌సీ 2.28 పెక్కు భాషల వరుసక్రమమును మార్చినది. దానిపై నాధారపడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇండెక్సులు పాతక్రమముననే యుండఁగా వెదకుట క్రొత్తక్రమమున సాఁగును. ఉన్న పద్దు లేదని యుత్తరము రావచ్చును. ఒక్కటిగా నుండవలసిన పేరు రెండుమాఱులు చొరవచ్చును. దీనికి రీఇండెక్స్ తప్ప మందు లేదు.

ఏ హేతువు తటస్థించెనో తెలియుటకు ఎక్స్‌ప్లెయిన్ అను ఆజ్ఞ యున్నది. ప్లానరెన్నుకొన్న మార్గమును, తాననుకొన్న పద్దుల సంఖ్యను నది చెప్పును. ఎనలైజ్ చేర్చి యడిగినచో క్వెరీని నడపి నిజముగా వచ్చిన సంఖ్యనుఁ జూపును. ఆ రెంటికిని దూరము హెచ్చైనచో గణాంకములను ముందు సందేహింపవలెను. ఇండెక్సు లెన్నిమాఱులు వాడఁబడినవో తెలుపు లెక్క కలదు గాని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వెర్షను మార్చిన పిమ్మట నది సున్ననుండి మొదలగును. వాడుకలేని ఇండెక్సు ప్రతి క్రొత్త పద్దునకును భారమే, తీసివేయఁదగినదే. కాని వారముదినముల సున్నను జూచి తీసివేసినచో, ఏఁటి కొక్కమాఱు మార్చినెల లెక్కలు కట్టునాఁడు గాని దాని యక్కఱ తెలియదు.