లాభ మున్నది, డివిడెండు ఏది?

ఇటీవల మే మొక గ్రామమున ఉత్పత్తిదారుల కంపెనీవారి సర్వసభ్య సమావేశమునకు పోయియుంటిమి. ఆ యూరివారు కుంకుడుకాయ, శీకాయ ఎండబెట్టి, పొడికొట్టి, పొట్లములుగట్టి పట్టణములోని దుకాణములకు పంపుచుందురు. కార్యదర్శి లెక్కలు చదివి, ఆ యేడు లాభము వచ్చినదని చెప్పెను. అంతట నొక పెద్దరైతు లేచి, “లాభము వచ్చెనని మీ నోటనే చెప్పితిరి గదా, మా వాటాలకు డివిడెండు ఏది?” అని యడిగెను. డైరెక్టర్లు తెల్లబోయిరి. బ్యాంకులో సొమ్ము స్వల్పము. లెక్కలు దొంగవని వెనుకనున్నవారు కేకలు వేసిరి.

లెక్కలు దొంగవి కావు. లాభము వేరు, రొక్కము వేరు. పురినిండ ధాన్యముండియు శిస్తుకట్ట కాసులేక అప్పునకు తిరిగిన రైతును మన మెరుగుదుము. కంపెనీ సంగతియు నంతే. పది లక్షలు లాభము వచ్చెననుకొందము. అందు నాలుగు లక్షలు దుకాణదారులయొద్ద బాకీ, నాలుగు లక్షలు గోదాములో కాయరూపమున, ఒక లక్ష క్రొత్త మరకు పోయినది. చేత మిగిలినది ఒక లక్షయే. పది లక్షలను చూచి డివిడెండు పంచినచో, తక్కినది అప్పుతెచ్చి పంచవలసినదే గదా!

చెట్టు సరకును నమ్ముకొన్న కంపెనీకి ఇంకొక చిక్కు గలదు. సబ్బు, పొడి ఏడాది పొడుగునను అమ్ముడుపోవును గాని కాయ ఏటి కొకమారే వచ్చును. చలికాలపు తుదినుండి ఎండలు ముదురులోపల ఏడాదికి సరిపడు కాయ కొనితీరవలయును. లెక్కల సంవత్సరము మార్చి 31వ తేదీని ముగియును. అనగా లాభము కాగితముమీద నిండుగా కనబడునప్పుడే పెట్టె ఖాళీగానుండును. మధ్యంతర డివిడెండని ఫిబ్రవరిలో సొమ్ము పంచినవారు మార్చిలో షావుకారు వాకిట నిలువవలసివచ్చును. అది విత్తనపు గింజలు వండుకొని తినుటయే.

మేమును ఈ తప్పునకు సాక్షులమే. చిన్ననాడు మేము సభ్యులుగానున్న యొక సంఘమువారు అమ్ముడుపోని సరకును అమ్మబోవు ధరకు లెక్కగట్టి, కనబడిన లాభమును పంచివేసిరి. కొన్న వెలయు, వచ్చునని తోచిన వెలయు చూచి తక్కువదానినే పట్టికలో వ్రాయవలయునను నియమము వారికి తెలియదో, తెలిసియు పాటింపలేదో చెప్పజాలము. మరుసటి యేడు సరకు పురుగుపట్టెను. డివిడెండు తీసికొన్నవారిలో మేమును ఉంటిమి. ఆనాడు నోరెత్తి యడుగలేదు.

సాధారణ కంపెనీలకు 2013 నాటి కంపెనీల చట్టము 123వ సెక్షను కట్టుబాటు చేసియున్నది. యంత్రముల తరుగుదల తీసి, వెనుకటి నష్టములు పూడ్చి, పిమ్మట మిగిలిన లాభమునుండి డివిడెండు ఈయవలయును గాని మూలధనమునుండి ఈయరాదు. ప్రకటించిన 5 దినములలో ఆ సొమ్మును వేరు ఖాతాలో వేయవలయును, 30 దినములలో చెల్లింపవలయును. తప్పినచో నూటికి 18 వంతున వడ్డీ యీయవలసియుండును. ఏడేండ్లు ఎవ్వరును అడుగని సొమ్ము ప్రభుత్వ నిధికి పోవును. కనుక చిరునామా మార్చిన సభ్యులు కంపెనీకి తెలుపుట మంచిది.

మైసూరు సాండల్ సబ్బు కథ ఇచట చెప్పదగియున్నది. మొదటి యుద్ధమువలన గంధపుచెక్క ఐరోపాకు పోక నిలిచిపోగా, మైసూరు సంస్థానమువారు 1916లో నూనెతీయుట మొదలుపెట్టిరి. 1918లో సబ్బు వచ్చెను. 1980లో అది కర్ణాటక ప్రభుత్వపు కంపెనీ యయ్యెను. తరువాత నష్టములలో దిగి, 1992లో రోగగ్రస్త పరిశ్రమల బోర్డు నెదుటికి పోయెను. 2003 నాటికి గాని పాతనష్టములు తీరలేదు. 2023-24లో రమారమి 362 కోట్ల రూపాయల లాభముపై 108 కోట్లు ప్రభుత్వమునకు డివిడెండుగా నిచ్చెను. అనగా పదింట మూడుపాళ్లు ఇచ్చి, ఏడుపాళ్లు వ్యాపారమున నుంచుకొన్నది. అది పెద్ద సంస్థ, మనది చిన్నది. అయినను నష్టము తీర్చుట ముందు, పంచుట వెనుక యను వరుస ఇద్దరికి నొక్కటే.

ఇక ఉత్పత్తిదారుల కంపెనీ మాట. అలఘ్ గారి సంఘము సిఫారసుపై 2002లో ఈ తరహా కంపెనీలకు చట్టమేర్పడినది. 2020లో ఆ నియమములను 2013 నాటి చట్టమున చేర్చిరి. ఇందు వాటాపై వచ్చు డివిడెండునకు నియమావళిలో హద్దు గీయబడియుండును. సరకు తెచ్చినపుడు ధరలో కొంత ఆపియుంచి తరువాత నీయవచ్చును. ఏటేట రిజర్వు నిధికి తీయవలయును. అందులకు చాలని యేడు సభ్యులే తాము నడిపిన వ్యాపారమునుబట్టి భరింపవలయును. వీటన్నిటి పిమ్మట మిగులును వాటాలనుబట్టి గాక, ఎవరెంత సరకిచ్చిరో దానినిబట్టి బోనసుగా పంచవచ్చును. దానిని రొక్కముగానైనను, వాటాలుగానైనను ఈయవచ్చును. 1844లో ఇంగ్లాండున రాచ్‌డేలు నేతగాండ్రు మొదలగువారు దుకాణము పెట్టినపుడు మూలధనమునకు వడ్డీ మితముచేసి, మిగులును కొనుగోళ్లనుబట్టి పంచిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టము.

ఆనాటి సభలో ఈ మాటలే విన్నవించితిమి. లేచి యడిగిన పెద్దరైతుకు వాటాలు మెండు, కాయ మాత్రము ఒక్క బస్తాయైనను తేలేదు. వెనుకవరుసలో కూర్చున్న యొక వితంతువునకు వాటా లతిస్వల్పము, ఆ యేడు ఇరువది బస్తాలు తెచ్చెను. డివిడెండు హెచ్చించినచో ఆమె కష్టము ఆయన సంచిలో పడును. కొంతసేపు వాదము జరిగినది. తుదకు రిజర్వునకు తీసి, వాటాలపై స్వల్పముగా నిచ్చి, బోనసులో సగము వాటాలుగాను, సగము దుకాణదారుల బాకీ వసూలైన పిమ్మట రొక్కముగాను ఈయవలయునని తీర్మానించిరి. పెద్దరైతు చేయి యెత్తలేదు. సభ ముగిసిన పిమ్మట మాతో మాటాడకయే బండి కట్టించుకొని పోయెను. ఆమె మాత్రము మాయొద్దకు వచ్చి, “అయ్యా, ఆ బాకీలు వసూలగునా?” అని యడిగెను. ఏ దుకాణము ఎంత యీయవలెనో ఆ పట్టికను కంపెనీ గోడమీద అంటింపుమని కార్యదర్శితో చెప్పి వచ్చితిమి.